గాలి మిషను కుర్చీ

మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నది నేను కాదు, బియ్యం బస్తా. నా బరువుకి ఇంచుమించు సరిపోతుందని వెల్డింగు మేస్త్రి గారే తెమ్మన్నారు. బస్తాని సీటులో కూలేసి, జారిపోకుండా నా పాత నేతచీరతో కట్టి, కుర్చీ వీపుకి కొత్తగా బిగించిన ఇనుప తట్టలో బ్యాటరీ పెట్టి, శ్వాస మిషనుకి బదులు దాని బరువున్న ఇటుకలు పెట్టి, మా వీధి గుమ్మం ముందు పోసిన సిమెంటు వాలు మీద పైకి తోశారు. సగం ఎక్కగానే ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. మేస్త్రి గారు బ్యాటరీని పట్టుకుని బస్తాని వదిలేశారు. బస్తా వెల్లకిలా పడింది.

"అయ్యయ్యో, టీచరుగారు పడిపోయేరు!" అని మా ఆయన పగలబడి నవ్వారు. మంచం మీద నుంచి కిటికీలోంచి చూస్తున్న నేనూ నవ్వాను. నవ్వితే నాకు ఊపిరి అందదు. అయినా నవ్వాను.

నేను లెక్కల టీచర్ని. కొత్తపేటకి కాస్త అవతల ఒక ఊరి హైస్కూల్లో పని. పిల్లలకి నేనంటే భయం, నాకు ఆ భయమంటే ఇష్టం. నలభై దాటాక కండరాల జబ్బు మొదలైంది. ముందు మెట్లెక్కడం పోయింది, తర్వాత నడక పోయింది, తర్వాత చెయ్యి బోర్డు దాకా లేవడం మానేసింది. అప్పటికీ బడి మానలేదు. కుర్చీలో కూర్చుని, పిల్లల్నే బోర్డు దగ్గరికి పంపి, నేను చెబుతుంటే వాళ్ళు రాసేవారు. నిజం చెప్పాలంటే నేను రాసినప్పటి కంటే అప్పుడే వాళ్ళకి బాగా వచ్చింది. ఆఖరికి ఊపిరి తీసే కండరాలు కూడా నీరసించాయి. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి, ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టం చివర చెప్పుల డబ్బా అంత మిషనుతో ఇంటికొచ్చాను. లాంగ్ లీవు పెట్టాను.

మిషను గాలి తోస్తుంది, నేను తీసుకుంటాను. అది ఆగుతుంది, నేను వదులుతాను. వదిలేటప్పుడే మాట్లాడాలి. మాస్కు తీసేసి కాసేపు ఉండగలను కానీ, ఆ కాసేపు దాటితే తల బరువెక్కి మాట ముద్దముద్దగా వస్తుంది. అంచేత మంచం పక్కన ప్లగ్గు దగ్గరే నా కాపురం. గొట్టం పొడవు ఎంతో నా లోకానికి వ్యాసార్థం అంత. ఏడాదిన్నర ఆ వృత్తంలోనే గడిపాను. వచ్చినవాళ్ళు "దేవుడున్నాడు టీచరుగారూ" అని వెళ్ళేవారు. దేవుడున్నాడని నాకూ తెలుసు. వర్గసమీకరణాలు ఎవరు చెబుతున్నారో అది కావాలి నాకు.

ఆ మాటకి జవాబు మా బడి హెడ్ మేడం గారి ఫోనుతో వచ్చింది. పదో తరగతి లెక్కలకి సర్దుబాటు మీద వచ్చినాయన వెళ్ళిపోయారట. "రెండు పీరియడ్లు చెప్పినా చాలండి మేడం. కింద గది ఇస్తాను, ర్యాంపు ఎలాగూ ఉంది. మెడికల్ బోర్డు నుంచి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చేసుకోండి. మిగతాది నేను చూసుకుంటానండి" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు వేరే ధ్యాస లేదు. మళ్ళీ బడికి వెళ్ళాలి. జబ్బు తగ్గదని తెలుసు, ఎన్నాళ్ళుంటానో తెలియదు, ఉన్నన్నాళ్ళూ టీచర్లా ఉండాలి. అంతే నేను కోరుకున్నది.

మా ఆయనకి చెబితే చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "సరే, వెళ్దువుగాని. ముందు ఆ మిషను కుర్చీ ఎక్కాలి కదా" అన్నారు. మర్నాడు ఆయనే స్వయంగా వెళ్ళి వెల్డింగు మేస్త్రి గారిని వెంటబెట్టుకొచ్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని పాఠకుల్ని అడుగుతున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయనే వెళ్ళారు.

మేస్త్రి గారి షెడ్డు రావులపాలెం రోడ్డులో ఉంది. అరటి గెలలు మోసే సైకిళ్ళకీ మోపెడ్లకీ ఇనుప స్టాండ్లు కట్టడం ఆయన పని. వచ్చీ రాగానే, "మా పెద్దమ్మాయికి లెక్కలు మీరే చెప్పేరండి. కొట్టేరు కూడానండి" అన్నారు.

"వచ్చాయా మరి?"

"ఆయ్, వచ్చినియ్యండి. ఇప్పుడు బ్యాంకులో చేత్తందండి."

బస్తా పడ్డాక మాత్రం ఆయన నవ్వలేదు. వాలు పక్కనే గొంతుక్కూర్చుని చాలాసేపు కుర్చీ వంక చూశారు. "తప్పు నాదేనండి. గెలలు కట్టేటప్పుడు వెనక్కి ఎప్పుడూ కట్టమండి. రెండు చక్రాల మజ్జికి, కిందకి దింపి కడతాం. ఇది కుర్చీ కదా, వీపుంది కదా అని వీపుకి తగిలించేసేను. సైకిలనుకుంటే ఈ తప్పు చేద్దునాండి?" అన్నారు. తప్పు ఎక్కడ జరిగిందో అంత శుభ్రంగా చెప్పిన విద్యార్థి నా సర్వీసులో తక్కువ. నేను మంచం మీద నుంచే పూర్తి మార్కులు వేశాను.

అప్పట్నుంచి ఆయన దాన్ని సైకిలనుకునే కట్టారు. బ్యాటరీని సీటు కిందకి, ఇరుసుకి కాస్త ముందుకి దించారు. మిషను తట్టని వెనకే ఉంచి, నడుము కంటే కిందకి జార్చారు. వెనక్కి ఒరిగినా పడకుండా చిన్నపిల్లల సైకిలుకి పక్కన ఉండేలాంటి బుల్లి చక్రాలు రెండు తగిలించారు. గతుకులకి మిషను అదరకుండా తట్టలో పాత ట్యూబు రబ్బరు పరిచారు. గొట్టం వేలాడి చక్రం ఊచల్లో పడితే నా పని అయిపోయినట్టే కాబట్టి, చేతి ఆనుడు పొడుగునా క్లిప్పులు వేసి, గొట్టాన్ని వాటిలోంచి పైకి తెచ్చారు. ఆఖర్న మురిసిపోతూ ఒక తొడుగు తెచ్చారు. ఆకుపచ్చ రెక్సిను, అంచుకి ఎర్ర పట్టీ. వాళ్ళావిడ కుట్టారట, రోడ్డు మీద దుమ్ము పడకుండా.

తొడుగు వేసి మిషను ఆన్ చేస్తే కాసేపటికి దాని చప్పుడు మారింది. నా చెవికి తెలియని చప్పుడా అది! "మేస్త్రి గారూ, అది కూడా గాలి పీల్చుకోవాలి కదా. ముక్కు మూసేశారు దానికి" అన్నాను. ఆయన నాలిక్కరుచుకుని, కత్తెర అడిగి తీసుకుని, ఆ అందమైన తొడుగుకి పక్కన కిటికీ కోసేశారు. "మా ఆవిడతో అనకండేం" అన్నారు.

ఈ హడావిడి అంతటిలోనూ మా ఆయన పక్కనే ఉన్నారు. స్క్రూలు అందించారు, టీలు పెట్టారు. మా అమ్మాయి కూడా ఉంది. దాని సంగతి ఇక్కడ చెప్పాలి. మాకు అదొక్కతే. బీఎడ్ చేసింది. టీచరు ఉద్యోగాల పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో పొద్దుట్నుంచి చీకటిపడేదాకా గొంతు చించుకుని చెప్పేది. నేను మిషనుతో ఇంటికొచ్చాక అది కూడా మానేసి నా దగ్గర ఉండిపోయింది. నాకు తల దువ్వేది, గొట్టంలో చేరిన నీళ్ళు పారబోసేది, మాస్కు ఒరుసుకుని ముక్కు మీద పుండు పడకుండా దూది పెట్టేది. "నా వల్ల దీని బతుకు ఆగిపోయింది" అని నేనంటే, "ఊరుకో మమ్మీ" అనేది. అది ఊరుకోమన్నప్పుడల్లా నేను ఊరుకున్నాను. అది నా తప్పు.

కుర్చీ సిద్ధమయ్యాక ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద ఉండటం సాధన చేశాను. మొదటిరోజు వాకిట్లో పనసచెట్టు దాకా, రెండోరోజు కాలువ గట్టు దాకా. గుర్రపుడెక్క నిండిన మామూలు కాలువ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదే. దాన్ని చూసి ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే కళ్ళద్దాలు మసకేస్తాయి. అమ్మాయి తీసి తుడిచి పెట్టింది. మూడోరోజు దాన్నే విద్యార్థిని చేసి పాఠం చెప్పడం మొదలెట్టాను. ఒక ఊపిరికి ఒక వాక్యం. పెద్ద వాక్యమైతే సమీకరణం మధ్యలో తెగిపోతోంది. అందుకని పాఠమంతా చిన్న చిన్న ముక్కలుగా విరిచి, మిషను గాలి తోసేటప్పుడు పిల్లలు రాసుకునేట్టూ, ఆగేటప్పుడు నేను చెప్పేట్టూ కూర్చుకున్నాను. బ్యాటరీ మూడు గంటలు దాటి వచ్చింది. రెండు పీరియడ్లకీ, రానూపోనూ దారికీ బోలెడు.

"ఎలా ఉంది నా పాఠం?" అనడిగితే అమ్మాయి గోడవైపు తిరిగి బట్టలు మడతపెడుతూ, "బాగుంది మమ్మీ. నువ్వు చెప్పగలవు" అంది. ఆ గొంతులో ఏదో ఉందని అప్పుడే అనిపించింది. నా కోసం సంతోషపడుతోందనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

మా ఆయన గురించి ఇంకో మాట చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. ఆయన మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. దరఖాస్తులు రాయడంలో ఆయన్ని మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఎవరికి ఏ కాగితం కావాలన్నా మా వీధి అరుగు మీదకే వస్తారు. ఉచితంగానే రాసిపెడతారు. మా ఇంట్లో అయితే సరేసరి. పెళ్ళయిన దగ్గర్నుంచి నా లీవు లెటర్లు, పీఎఫ్ కాగితాలు, ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులు అన్నీ ఆయనవే. నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెడతారు. ఆ గుర్తు కనబడ్డ చోట నేను సంతకం పెడతాను. ఏం రాశారని ఎప్పుడూ చదవలేదు. చదివితే ఆయన్ని అనుమానించినట్టుంటుందనిపించేది. మా కాపురంలో అదొక మర్యాద.

ఫిట్‌నెస్ కోసమని ఒకరోజు నాలుగు కాగితాలు తెచ్చారు. "ఇన్నెందుకండీ?" అంటే, "బోర్డువాళ్ళు ఊరికే ఇస్తారా? అడిగినవన్నీ పెట్టాలి" అన్నారు. నా వేళ్ళ మధ్య పెన్ను ఇరికించి, మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు. నాలుగు చోట్లా పెట్టాను. ప్రశ్న రెండుసార్లు చదవకుండా జవాబు రాయడం మొదలెట్టిన పిల్లల్ని ఎంతమందిని నిలబెట్టానో లెక్కలేదు. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

తర్వాత ఫొటోలు. హెడ్ మేడం గారికి పంపాలి, ఫైల్లో కూడా పెట్టాలి అన్నారు. అమ్మాయి ఫోనుతో తీస్తుంటే ఆయన పక్కనుండి చెప్పారు. "మాస్కు కనబడాలి. గొట్టం పూర్తిగా రావాలి. పక్కనుంచి ఒకటి తియ్యి, మిషను దగ్గరగా ఒకటి." నేను నవ్వితే, "నవ్వకు. ఆఫీసు ఫొటో కదా, బాగోదు" అన్నారు. సరేనని మూతి బిగించాను. ఆఖరి దానికి మాత్రం ఆగలేక నవ్వేశాను.

మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేయించందే వాడరు. ఇల్లయినా, బండి అయినా, ట్రాక్టరయినా పాస్టరు గారు వచ్చి చెయ్యి ఆనించి ప్రార్థిస్తారు. నా కుర్చీకీ చేయించారు. పాస్టరు గారు కుర్చీ పిడి మీద ఒక చెయ్యి, నా తల మీద ఒక చెయ్యి వేసి, "ప్రభువా, ఈ సహోదరి ఈ కుర్చీ మీద తన పనికి వెళ్ళునట్లు, నీవిచ్చిన పిల్లల మధ్య మరల నిలుచునట్లు కృప చూపుము" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే పైకి వినబడింది మా ఆయన గొంతే.

బోర్డు రోజు పొద్దున్నే వ్యానులో బయల్దేరాం. వ్యాను వెనక సీట్లు తీసేసి, కుర్చీని తాళ్ళతో కట్టి, దారిలో చాలదేమోనని మిషనుని వ్యాను బ్యాటరీకి తగిలించారు. నేనూ, ఆయనా, అమ్మాయీ, డ్రైవరూ. రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గోదావరి మీదకి వచ్చేసరికి ఎండ నీళ్ళ మీద పడి ఉంది. నాకు హుషారుగా ఉంది. "నాకు ఫిట్‌నెస్ ఇవ్వకపోతే ఆ డాక్టర్లని బోర్డు దగ్గర నిలబెట్టి లెక్క చేయిస్తాను" అని ఆయన్ని ఆటపట్టించాను. ఆయన రోడ్డు వంక చూస్తూ, "ఎక్కువ మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అన్నారు. అమ్మాయి నా గొట్టం క్లిప్పులు ఒక్కొక్కటీ సరిచూస్తూ కూర్చుంది. అవి బాగానే ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో బోర్డు గదిలోకి మమ్మల్ని ముగ్గుర్నీ రమ్మన్నారు. బల్ల అవతల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఉన్న డాక్టరమ్మ గారు ఫైలు తిరగేసి, చాలా మెత్తగా అడిగారు. "అమ్మా, ఇన్నేళ్ళు సర్వీసు చేసేరు కదా, వదులుకోవడం కష్టంగా ఉందా?"

నాకర్థం కాలేదు. "వదులుకోవడం ఏంటండీ?" అన్నాను.

ఆవిడ పక్కవాళ్ళ వంక చూసి, కాగితం నావైపు తిప్పి, చదివి వినిపించారు. 'నా శారీరక స్థితి కారణంగా బోధనా విధులు నిర్వర్తించుటకు పూర్తిగా అశక్తురాలనై యున్నందున, వైద్య కారణములపై నన్ను ఉద్యోగ విరమణ చేయించి, నిరుద్యోగి అయిన నా ఏకైక కుమార్తెకు కారుణ్య నియామకము ఇప్పించవలసినదిగా ప్రార్థన.'

ఎవరు రాశారో అడగక్కర్లేదు. 'అశక్తురాలనై యున్నందున' అని మా ఊళ్ళో రాసే మనిషి ఒక్కరే. కింద నా సంతకం. దాని వెనక ఫొటోలు. మాస్కు, గొట్టం, మిషను, పక్కనుంచి ఒకటి, దగ్గరగా ఒకటి. నేను బడికి వెళ్ళగలనని చెప్పడానికి తీయించుకున్న ఫొటోలు, నేను దేనికీ పనికిరానని చెప్పడానికి వరసగా పిన్ను చేసి ఉన్నాయి. నవ్విన ఫొటో లేదు. తీసేశారు.

 నాకు కోపం వచ్చింది. జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. కోపమొస్తే కేకెయ్యాలి, లేచి వెళ్ళిపోవాలి. నాకు ఆ రెండూ లేవు. మిషను గాలి తోసేదాకా ఆగాలి. అది ఆగాక మాట్లాడాలి. అందుకే నేను చెప్పింది చాలా నెమ్మదిగా, ఎవరో నేర్పి పంపినట్టు వచ్చింది.

"సంతకం నాదే." ఒక ఊపిరి. "అడిగింది నేను కాదు." ఇంకో ఊపిరి. "నేను బడికి వెళ్తానని చెప్పడానికొచ్చాను."

 ఆయన నేల వంక చూస్తున్నారు. అమ్మాయి నా వెనక ఉంది, దాని ముఖం నాకు కనబడలేదు. డాక్టరమ్మ గారు పెన్ను కింద పెట్టి, "మీకు తెలియకుండా పెట్టేరా ఇది? అలా అయితే నేను రాయాల్సి ఉంటుందమ్మా" అన్నారు. ఆవిడ ఏం రాస్తారో, అది ఎక్కడిదాకా వెళ్తుందో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ తల దించుకోని మనిషి తల దించుకుని నిలబడ్డారు.

"పొరపాటున ఒక కాగితానికి బదులు ఇంకోటి వచ్చిందండి" అన్నాను. ఆ అబద్ధం నేను చెప్పాను. ఆయన మీద జాలితో కాదు. నా ఇల్లు నలుగురి నోళ్ళలో పడుతుందని సిగ్గుతో. డాక్టరమ్మ గారు నమ్మలేదు, కానీ దరఖాస్తు తీసి పక్కన పెట్టేశారు. నన్ను ఏవేవో అడిగారు, మిషను చూశారు, కుర్చీ ఎవరు కట్టారని అడిగారు. తర్వాత ముగ్గురూ మాట్లాడుకుని, రోజుకి పరిమితమైన పని చేయడానికి ఫిట్ అని రాసి ఇచ్చారు. నేను కోరుకున్న కాగితం నా ఒళ్ళో ఉంది. దాన్ని చూస్తే నాకేమీ అనిపించలేదు.

వరండాలో ఆయన, "పిల్ల బతుకు గురించి ఆలోచించేను. అంతే" అన్నారు.

"నా బతుకు మీద పెన్సిలుతో గుర్తు పెట్టి ఆలోచించేరా?" అన్నాను. నేనెప్పుడూ ఆయనతో అలా మాట్లాడలేదు. ఆయన వంగి చక్రాల బ్రేకు తీశారు. కుర్చీని వ్యాను దాకా తోశారు. గతుకు వచ్చిన ప్రతిచోటా ఆగి, మిషను పట్టుకుని మరీ దాటించారు. ఆ జాగ్రత్త చూసి నాకింకా ఒళ్ళు మండింది.

తిరుగుదారిలో రావులపాలెం సెంటర్లో వ్యాను ఆగింది. ఆయనా డ్రైవరూ టీ తాగడానికి దిగారు. బయట గెలల లారీల హారన్లు. లోపల నేనూ, అమ్మాయీ. అప్పటికీ నా మనసులో ఒక ఆశ మిగిలి ఉంది. ఇదంతా ఆయనొక్కరి పని, దీనికి తెలియదు అని.

"నీకు తెలుసా?" అన్నాను.

తలూపింది. "ఫొటోలు నేనే ప్రింటు తీయించేను మమ్మీ."

నేను కళ్ళు మూసుకున్నాను. అది ఏడుస్తూ నా మోకాళ్ళ మీద తలపెట్టింది. "డాడీ ముందు వద్దనే అన్నేరు. నేనే బతిమాలేను" అంది.

ఆ మాటకి, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆయన మీద ఒక్క క్షణం ప్రేమ పొంగింది. కనీసం వద్దన్నారు. నా పాఠాలు విన్నారు, కాలువ గట్టు దాకా నన్ను తోసుకెళ్ళారు, ఆ మనిషి వద్దనే అని ఉంటారు.

"ఎందుకు వద్దన్నారు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

అమ్మాయి తలెత్తలేదు. "సర్వీసులో ఉండగా పోయినా నాకే వస్తుందంట కదా మమ్మీ. ఎలాగూ ఎక్కువ రోజులు పట్టదు, ఈ బోర్డులూ అవీ దేనికి, మీ అమ్మని సరదాగా తిరగనీ, ఓపిక పట్టమన్నేరు. నేను ఉండలేకపోయేను. నువ్వు పోతే వచ్చే ఉద్యోగం నాకొద్దు. నువ్వుండగా కావాలనుకున్నాను. అందుకే పెట్టించేను."

అది నిజమే చెప్పింది. ఆ నిజంలో నా మీద ప్రేమ కూడా ఉంది. దాన్ని నేను ఎప్పటికైనా క్షమిస్తాను, సగం అప్పుడే క్షమించాను కూడా. నా చేతులు లేవవు గాని, లేస్తే దాని తల నిమిరేదాన్ని.

ఆయన సంగతి వేరు. మేస్త్రిని వెంటబెట్టుకొచ్చిన మనిషి, బస్తా పడితే పగలబడి నవ్విన మనిషి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్న మనిషి లోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. నాకు అడ్డు చెప్పకపోవడానికి కారణం అది. చెప్పాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు. ఆయన చేతుల్లో అరటిపళ్ళు పట్టుకుని తిరిగొచ్చి, ఒకటి ఒలిచి నా నోటి దగ్గర పెట్టారు. "పొద్దుట్నుంచి ఏం తినలేదు" అన్నారు. అమ్మాయి నాకు చెప్పేసిందని ఆయనకి తెలియదు. ఇప్పటికీ తెలియదు. నేను తిన్నాను.

మళ్ళీ బడికి వెళ్తున్నాను. రెండు పీరియడ్లు, పదో తరగతి, కింద గది. పిల్లలు మొదటి రెండు రోజులూ మిషను వంక చూశారు. తర్వాత ఇంటి లెక్కలు చేయనివాళ్ళని బయట నిలబెట్టేసరికి దాన్ని మర్చిపోయారు. అమ్మాయి మళ్ళీ పరీక్షకి చదువుతోంది. నన్ను రోజూ వ్యానులో తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ ఆయనే.

ఇప్పుడు మా బళ్ళో హాజరు ఫోనులో పడుతుంది. గేటు దాటాక ఫోనుకి ముఖం చూపించాలి. మాస్కు ఉంటే నన్ను గుర్తుపట్టదు. అందుకని ఆయన మాస్కు తీసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను నా ముఖం ముందు పెడతారు. సిగ్నలు బాగుంటే మిగతా టీచర్లకి వెంటనే పడుతుంది, లేకపోతే ఆలస్యమవుతుంది. ఇంట్లో ముఖం కడిగేటప్పుడు ఆయన మాస్కు తీస్తే నేను హాయిగా కళ్ళు మూసుకునేదాన్ని. బడి దగ్గర మూసుకోను. ఫోను వంక చూడమని ఆయనంటారు. నేను మాస్కు పట్టుకున్న చెయ్యి వంక చూస్తాను. మొదటిసారి ఎప్పుడూ నా హాజరు పడదు.